లౌడన్ కౌంటీలో బడ్జెట్ సాయంత్రం

ఆష్‌బర్న్‌కు మేయర్ లేడు. మునిసిపాలిటీ లేదు, కౌన్సిలర్లు లేరు. వాషింగ్టన్ నగరం నుంచి మెట్రో సిల్వర్ లైన్ రైలెక్కితే చివరి స్టేషను పేరు ఆష్‌బర్న్. ఉత్తరాల మీద రాసే చిరునామాలోనూ అదే పేరు. కానీ వర్జీనియా రాష్ట్ర చట్టం దృష్టిలో అది ఊరు కాదు. దాని చుట్టుపక్కలున్న స్టెర్లింగ్, బ్రాంబుల్టన్, ఆల్డీ, సౌత్ రైడింగ్‌లదీ అదే పరిస్థితి. మన తెలుగు కుటుంబాలు గుంపులుగా స్థిరపడ్డ పేటలివి. లౌడన్ కౌంటీ మొత్తం మీద సొంత కౌన్సిలు, సొంత మేయరు ఉన్న పట్టణాలు ఏడే: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, రౌండ్ హిల్, హిల్స్‌బరో, హామిల్టన్, లవెట్స్‌విల్. వీటి బయట ఉండే లక్షల మందికి స్థానిక ప్రభుత్వం అంటే కౌంటీ ఒక్కటే.

ఈ సంగతి నాకు చెప్పింది మా మేనకోడలు, మా అమ్మాయే అనుకోండి. ఆష్‌బర్న్‌లో ఇల్లు కొనుక్కుని, ఇద్దరు పిల్లల్ని అక్కడి బడికే పంపుతోంది. ఫిబ్రవరి చివర్లో వాళ్లింటికి వెళ్లినప్పుడు అంది: "మావయ్యా, జిల్లా పరిషత్ మీటింగుల వార్తలు ఏళ్ల తరబడి రాశావు కదా. మా జిల్లా పరిషత్ కూడా చూస్తావా? రేపు సాయంత్రం బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్ ఉంది. నేను మాట్లాడుతున్నాను."

విలేకరిగా బతికినవాణ్ని అలా పిలిస్తే ఇంట్లో కూర్చుంటానా!

కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్. దారిలో కిలోమీటర్ల పొడవునా కిటికీలు లేని భవనాలు. ఒక్కొక్కటీ మన ఊళ్లలో పెద్ద పత్తి గోడౌను కన్నా ఎన్నో రెట్లు పెద్దది. లోపల సర్వర్లు, బయట వరసగా డీజిల్ జనరేటర్లు, పైన హైటెన్షన్ తీగలు. ప్రపంచంలో మరెక్కడా ఇన్ని డేటా సెంటర్లు ఒకేచోట లేవు. ఈ ఒక్క కౌంటీలోనే రెండు వందల దరిదాపులో ఉన్నాయి. "మా ఇంటి పన్ను తగ్గించేదీ ఇవే, మా నిద్ర చెడగొట్టేదీ ఇవే అంటారు ఇక్కడివాళ్లు" అంది మా అమ్మాయి కారు నడుపుతూ.

మేం వెళ్లిన రోడ్డు డలెస్ గ్రీన్‌వే. 1995లో తెరిచిన ప్రైవేటు టోల్ రోడ్డు. టోల్ ఎంతో తేల్చేది కౌంటీ కాదు, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో కూర్చునే స్టేట్ కార్పొరేషన్ కమిషన్. మేం చూసిన హైటెన్షన్ లైన్లు ఏ పేట మీదుగా పోవాలో చెప్పేదీ ఆ కమిషనే. పోనీ ఇంటి ముందు రోడ్డులో గుంత పడితే? అదీ కౌంటీ పని కాదు. 1932 నాటి బర్డ్ రోడ్ చట్టంతో వర్జీనియాలో దాదాపు అన్ని కౌంటీల రోడ్లూ రాష్ట్ర రవాణా శాఖ చేతికి వెళ్లాయి. దానికి తోడు డిల్లన్ సూత్రం ఒకటుంది. అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో రాసిన తీర్పు నుంచి వచ్చిందది. రాష్ట్రం చట్టం చేసి ఇచ్చిన అధికారాలు తప్ప స్థానిక ప్రభుత్వానికి వేరే అధికారం ఉండదని దాని సారం. వర్జీనియా కోర్టులు ఇప్పటికీ దాన్నే పాటిస్తున్నాయి.

"మరి కౌంటీకి మిగిలిందేమిటి?" అన్నాను.

"మన బతుకులో చాలా భాగం మావయ్యా" అంది. బడులకు డబ్బు. ఏ స్థలంలో ఇళ్లు రావాలి, ఏ స్థలంలో గోడౌన్లు రావాలి అన్న నిర్ణయం. అగ్నిమాపక దళం, అంబులెన్సులు, లైబ్రరీలు, పార్కులు, ఇల్లు కట్టుకునే పర్మిట్లు, వృద్ధుల కేంద్రాలు. వీటన్నిటికీ కావలసిన ఇంటి పన్ను. అమెరికా అధ్యక్షుడెవరైనా మారనివి, కౌంటీ బోర్డులో ఐదుగురు చేతులెత్తితే మారిపోయేవి ఇవే.

లౌడన్ కౌంటీ 1757లో ఏర్పడింది. రెండు వందల ఏళ్లు పాడి పశువులు, గోధుమ చేలు, గుర్రాలు. 1962లో పక్కనే డలెస్ విమానాశ్రయం వచ్చింది. 1970 నాటికి కూడా ఇక్కడి జనాభా నలభై వేలు దాటలేదు. 2000లో అది 1,69,599. 2020 లెక్కల్లో 4,20,959. వాళ్లలో ఐదుగురిలో ఒకరు ఆసియా మూలాలవాళ్లు. సగటు కుటుంబ ఆదాయంలో అమెరికా మొత్తంలో ముందు వరసలో నిలిచే కౌంటీ ఇది. పడమటి సగంలో మాత్రం ఇంకా ద్రాక్షతోటలూ, కంకర రోడ్లూ ఉన్నాయి. ఆ సగం అలాగే ఉండాలా, తూర్పు సగంలా మారాలా అన్నది ఇక్కడ ముప్పై ఏళ్లుగా తెగని పంచాయితీ.

లీస్‌బర్గ్‌లో కారు ఆపి, టైముంది కదా అని పాత కోర్టు దాకా నడిచాం. 1933లో జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లజాతి వ్యక్తి మీద హత్య కేసు విచారణ ఈ కోర్టులోనే జరిగింది. ఆయన తరఫున వచ్చిన లాయరు చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్. జ్యూరీలోకి ఒక్క నల్లవాణ్నీ పిలవకపోవడాన్ని ఆయన ఇక్కడే సవాలు చేశారు. జ్యూరీ మారలేదు గానీ క్రాఫర్డ్‌కు మరణశిక్ష తప్పింది. యావజ్జీవం పడింది. హ్యూస్టన్ శిష్యుడు థర్‌గుడ్ మార్షల్ తర్వాత అమెరికా సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల తరఫున పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం ఈ కోర్టు ముందర 1908 నుంచి ఉండేది. దాన్ని 2020 జులైలో తీసేశారు. కోర్టుకు ఇప్పుడు హ్యూస్టన్ పేరు. జ్యూరీలో కూర్చోవడాన్ని మనవాళ్లు సెలవు పాడుచేసే పనిగా చూస్తారు. పౌరసత్వం వచ్చిన ఏడాదికో రెండేళ్లకో ఉత్తరం వస్తే తప్పించుకునే దారి వెతుకుతారు. ఆ కుర్చీ కోసం ఒక మనిషి ఈ కోర్టులో నిలబడి కొట్లాడాడని తెలిస్తే అలా చేయరని నా నమ్మకం.

అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే హారిసన్ వీధిలో కౌంటీ గవర్నమెంట్ సెంటర్. లోపలికి వెళ్లడానికి పాసు అక్కర్లేదు. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. సమావేశ మందిరంలో వేదిక మీద తొమ్మిది కుర్చీలు. బోర్డ్ ఆఫ్ సూపర్వైజర్స్ అంటే ఈ తొమ్మిది మందే. ఎనిమిది మంది ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి గెలుస్తారు: ఆల్గాంకియన్, ఆష్‌బర్న్, బ్రాడ్ రన్, కటాక్టిన్, డలెస్, లీస్‌బర్గ్, లిటిల్ రివర్, స్టెర్లింగ్. అధ్యక్ష స్థానానికి కౌంటీ అంతా కలిసి ఓటేస్తుంది. ఫిలిస్ రాండల్ 2016 నుంచి ఆ కుర్చీలో ఉన్నారు. పదవీకాలం నాలుగేళ్లు. 2019లో, 2023లో ఎన్నికలు జరిగాయి. మళ్లీ 2027 నవంబరులో.

నా కళ్లు మొదట వెతికింది కలెక్టర్ని. జిల్లా పరిషత్ సమావేశాల్లో వేదిక మీద అసలు బరువు ఎటు ఉంటుందో అక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. ఇక్కడ ఆ స్థానంలో ఉండేది కౌంటీ అడ్మినిస్ట్రేటర్. ఆయన్ను నియమించేది బోర్డు. వద్దనుకుంటే తీసేసేదీ బోర్డే. ఐఏఎస్ లాగా పైనుంచి వచ్చిన అధికారి కాదు. అధికారులు పక్కన కూర్చుని అడిగినప్పుడు లెక్కలు చెబుతారు, అంతే. అయితే అందరూ బోర్డు కింద ఉన్నవాళ్లే అనుకోవడానికి లేదు. షెరీఫ్, ట్రెజరర్, కమిషనర్ ఆఫ్ రెవెన్యూ, ప్రాసిక్యూటరు, కోర్టు క్లర్కు: ఈ ఐదుగురినీ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం జనమే విడిగా ఎన్నుకుంటారు. పోలీసు పెద్దను ఓటేసి ఎన్నుకోవడం మన దగ్గర ఊహకందని విషయం. ఇక్కడ అది మామూలు.

మాట్లాడదలచుకున్నవాళ్లు ముందే పేరు ఇస్తారు. పిలిచినప్పుడు లేచి మైకు దగ్గరికి వెళ్లి, పేరు, ఏ డిస్ట్రిక్ట్‌లో ఉంటారో చెబుతారు. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే. ఎదురుగా తెర మీద సెకన్లు తరిగిపోతుంటాయి. సభ్యులు వింటారు, రాసుకుంటారు. వాదనకు దిగరు. ఎవరి మాటకూ అక్కడికక్కడ జవాబు రాదు. మనవాళ్లకు ఇది నిరుత్సాహంగా అనిపిస్తుంది. "మాట్లాడాం, ఏమీ అనలేదు" అని తిరిగి వచ్చేస్తారు. అవును మరి, ఆ రోజు ఉన్నది వినడానికే. మాటలన్నీ రికార్డులోకి ఎక్కుతాయి. తేల్చడం తర్వాత.

ఆ సాయంత్రం మైకు దగ్గరికి వచ్చినవాళ్ల వరస చూస్తే కౌంటీ మొత్తం కళ్లకు కట్టింది. ఒకావిడ మానసిక ఆరోగ్య సేవలందించే ఒక స్వచ్ఛంద సంస్థకు కౌంటీ ఇచ్చే గ్రాంటు ఆపొద్దని అడిగింది. పడమటి నుంచి వచ్చిన ఒక రైతు, పొలాలను ప్లాట్లుగా మార్చకుండా కాపాడే పథకానికి డబ్బు కేటాయించమన్నాడు. అతని బూట్లకు ఇంకా మట్టి ఉంది. ఇంకొకాయన అగ్నిమాపక స్టేషన్లో వాలంటీరు. మన దగ్గర ఫైర్ స్టేషను అంటే ప్రభుత్వోద్యోగులే. లౌడన్‌లో జీతం తీసుకునేవాళ్లూ, పైసా తీసుకోని వాలంటీర్లూ కలిసి ఒకే దళంగా పనిచేస్తారు. పగలు కంప్యూటరు ముందు కూర్చునే మనిషి రాత్రి గాలి సిలిండర్ వీపున కట్టుకుని మంటల్లోకి వెళతాడు. 2024 ఫిబ్రవరి 16న స్టెర్లింగ్‌లో ప్రొపేన్ వాయువు లీకై ఒక ఇల్లు పేలిపోయినప్పుడు చనిపోయిన ఫైర్‌ఫైటర్ ఇలాంటి వాలంటీరే. ఈయన ఆ సంగతి ఎత్తలేదు. శిక్షణ గురించి, కొత్త సామగ్రి గురించి రెండు మాటలు చెప్పి కూర్చున్నాడు. గది మాత్రం ఆయన మాటలు విన్నంతసేపూ కదల్లేదు.

తర్వాత ఒక విశ్రాంత ఉద్యోగి. ఈయన బాధ పన్ను. కౌంటీలో 2025కు ఖరారైన ఇంటి పన్ను రేటు, విలువలో ప్రతి వంద డాలర్లకు 80.5 సెంట్లు. ఎనిమిది లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 6,440 డాలర్లు. 2010లో ఈ రేటు వందకు 1.30 డాలర్లు ఉండేది. మరి ఇంత తగ్గితే ఆయన ఎందుకు బాధపడుతున్నాడు? రేటు తగ్గుతున్నా ఇంటి విలువను ఏటా తిరిగి లెక్కగడతారు. విలువ పెరిగితే బిల్లు పెరుగుతుంది. ఇల్లు అమ్ముకుంటే తప్ప ఆ పెరిగిన విలువ చేతికి రాదు, పన్ను మాత్రం ఏటా కట్టాలి. అరవై ఐదు నిండి, ఆదాయం, ఆస్తి నిర్ణీత పరిమితి లోపు ఉన్నవాళ్లకు పన్ను మినహాయింపు ఉంది. ఈయన ఆ గీతకు కొంచెం పైన ఉన్నాడు. అందుకే ఒక్క సెంటు తగ్గించమని ప్రాధేయపడ్డాడు. ఒక్క సెంటు అంటే అలాంటి ఇంటికి ఏడాదికి ఎనభై డాలర్లు. కౌంటీ మొత్తానికి అది కోటి డాలర్లకు పైమాటే.

ఇక్కడొక నియమం ఉంది, తెలుసుకుంటే ఎంతో పనికొస్తుంది. హియరింగ్‌కు ముందే బోర్డు ఒక పన్ను రేటును పత్రికలో ప్రకటించాలి. చివరికి అంతకంటే తగ్గించవచ్చు గానీ, మళ్లీ ప్రకటించకుండా పెంచడానికి వీల్లేదు. అంటే ప్రకటించిన రేటే పైకప్పు. పన్ను తగ్గాలనుకునేవాళ్లకు హియరింగ్ రోజు కూడా అవకాశం ఉంటుంది. ఖర్చు పెరగాలనుకునేవాళ్లు మాత్రం ఆ ప్రకటన కంటే ముందే తలుపు తట్టాలి.

మా అమ్మాయి పేరు పిలిచారు. ఆమె అడగదలచుకున్నది బడుల గురించి. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఎనభై వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు. ఇంటి భాష ఇంగ్లిష్ కాని పిల్లలకు ప్రత్యేకంగా నేర్పే టీచర్లు మరికొందరు కావాలన్నది ఆమె మాట. అయితే ఈ మాట ఆమె ఇక్కడ అనలేదు! జనవరిలోనే స్కూల్ బోర్డు ముందు చెప్పేసింది. కౌంటీ బోర్డు ముందు ఆమె అడిగింది ఒక్కటే: స్కూల్ బోర్డు కోరిన మొత్తాన్ని కోత లేకుండా ఇవ్వండి.

బయటికి వచ్చాక అడిగాను, ఎందుకలా అని. వివరంగా చెప్పింది. వర్జీనియాలో స్కూల్ బోర్డు వేరు, కౌంటీ బోర్డు వేరు. 1992లో చట్టం మారేదాకా ఈ రాష్ట్రంలో స్కూల్ బోర్డులకు ఎన్నికలు దాదాపు లేవు. ఇప్పుడు రెండిటికీ ఎన్నికలున్నాయి. స్కూల్ బోర్డుకు ఏ టీచర్ని ఎక్కడ పెట్టాలో చెప్పే అధికారముంది, పన్ను వేసే అధికారం లేదు. కౌంటీ బోర్డుకు పన్ను వేసే అధికారముంది, బడిలో ఫలానా టీచర్ని పెట్టమనే అధికారం లేదు. జనవరిలో బడుల సూపరింటెండెంట్ బడ్జెట్ ప్రతిపాదిస్తారు. స్కూల్ బోర్డు దాన్ని దిద్ది కౌంటీకి పంపుతుంది. ఫిబ్రవరిలో కౌంటీ అడ్మినిస్ట్రేటర్ మొత్తం బడ్జెట్ బోర్డు ముందుంచుతారు. మార్చి అంతా చర్చలు, ఏప్రిల్ మొదట్లో ఓటింగ్. జులై 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం. స్థానిక పన్నుల్లో సగానికి పైగా బడులకే పోతుంది. "ఏప్రిల్లో బడి గురించి అడిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది మావయ్యా. మనవాళ్లే ఎక్కువ. అప్పటికి అంతా రాసేసి ఉంటుంది."

స్కూల్ బోర్డు సమావేశాలు ఎప్పుడూ ఇంత నెమ్మదిగా సాగాయని కాదు. 2021 జూన్ 22న లౌడన్ స్కూల్ బోర్డు సమావేశంలో అరుపులు పెరిగి, ప్రజల మాటలు వినడం మధ్యలో ఆపేసి, గది ఖాళీ చేయించాల్సి వచ్చింది. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ దెబ్బకు భయపడి దూరం జరిగిన తల్లిదండ్రులు చాలామంది మనవాళ్లలో ఉన్నారు. అలా దూరం జరగడం వల్ల గదిలో గొంతు పెద్దవాళ్లే మిగిలారు. మా అమ్మాయి లాంటివాళ్లు మళ్లీ వెళ్లి, నెమ్మదిగా, లెక్కతో మాట్లాడటం నాకు అందుకే గర్వంగా అనిపించింది.

సరైన తలుపు, సరైన నెల. దీన్ని డేటా సెంటర్ల విషయంలో ఇంకా స్పష్టంగా చూశాను. చాలాకాలం పాటు ఇక్కడ కొన్ని జోన్లలో డేటా సెంటరు కట్టుకోవడం స్థల యజమాని హక్కు. దీన్ని బై-రైట్ అంటారు. ప్లాను నిబంధనలకు సరిపోతే అధికారులు అనుమతివ్వాల్సిందే. బోర్డు ఓటూ లేదు, పబ్లిక్ హియరింగూ లేదు. పక్క పేటవాళ్లకు తెలిసేసరికి పునాదులు పడేవి. అప్పుడు బోర్డు దగ్గరికి పరుగెత్తితే, "ఇందులో మేం చేయగలిగింది లేదు" అనేవారు. అది నిజం కూడా. మాట చెల్లాల్సిన సమయం ఆ భవనం వచ్చినప్పుడు కాదు, ఏళ్ల కిందట, ఏ స్థలంలో ఏది కట్టవచ్చో చెప్పే జోనింగ్ నియమాలు రాసినప్పుడు. ఆ హియరింగ్‌లకు వచ్చినవాళ్లు తక్కువ. జనం విసుగు చెంది, శబ్దం గురించీ తీగల గురించీ ఏళ్ల తరబడి పట్టుపట్టాక, 2025 మార్చిలో బోర్డు ఆ బై-రైట్‌ను తొలగించింది. ఇప్పుడు కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లు, స్థలాల వాడకం మీద బోర్డుకు సలహా ఇచ్చే ప్లానింగ్ కమిషన్ ముందు హియరింగ్, బోర్డు ముందు హియరింగ్ దాటాలి.

పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీలో డిజిటల్ గేట్‌వే అనే భారీ డేటా సెంటర్ల ప్రతిపాదన మీద 2023 డిసెంబరులో జరిగిన హియరింగ్ సుమారు ఇరవై ఏడు గంటలు నడిచింది. వందల మంది మాట్లాడారు. బోర్డు అనుమతి ఇచ్చేసింది. కథ అయిపోయిందనుకున్నారు. 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు ఆ జోనింగ్ మార్పు చెల్లదంది. కారణం పర్యావరణం కాదు, శబ్దం కాదు. హియరింగ్ గురించి పత్రికలో ఇవ్వాల్సిన ప్రకటన చట్టం చెప్పినట్టు ఇవ్వలేదని. వ్యాజ్యం పై కోర్టుకు వెళ్లింది. పత్రికలో చిన్న అక్షరాల్లో పడే ప్రకటనకు ఇంత బలముంటుందని నాలాంటి పత్రికా మనిషికి తెలియడం ఎంత సంతోషమో!

నేను ఇక్కడ విశాఖపట్నం గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో భారీ డేటా సెంటరు కేంద్రం కడతామని ప్రకటించింది. పెట్టుబడి రావడం మంచిదే. కానీ నీరెంత, కరెంటెంత, ఎన్ని జనరేటర్లు, స్థానిక సంస్థకు ఏటా వచ్చే పన్నెంత, ఈ ప్రశ్నలు అడగాల్సిన వేదిక ఏది? మన 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. డేటా సెంటరు ఆ పద్దులో పడితే, పక్క ఊరివాళ్లకు మాట్లాడే గదే ఉండదు. లౌడన్ కౌంటీకి ఈ సర్వర్ల మీద వేసే పన్ను పెద్ద ఆదాయ వనరు. ఇంటి పన్ను రేటు అంత తగ్గడంలో దాని పాత్ర పెద్దది. ఆ డబ్బు కళ్లెదుట ఉండగానే జనం మైకు ముందుకొచ్చి ఇక చాలనగలిగారు. విశాఖవాళ్లకు ఆ గది కావాలి.

మన దగ్గర సోమవారం సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు. ఎండలో వరసలో నిలబడి, పాసుపుస్తకం కోసమో పింఛను కోసమో కాగితం ఇస్తారు. ఎవరి కష్టం వాళ్లది. వాళ్లను తక్కువ చేయను, ఆ కాగితంతో బతుకు నిలబడ్డ కుటుంబాలెన్నో చూశాను. కానీ జిల్లా బడ్జెట్ మీద మాట్లాడమని ఒక మామూలు మనిషికి ఎవరైనా మైకు ఇవ్వగా నేను చూడలేదు. గ్రామసభకు చట్టంలో ఆ హక్కు ఉంది. ఎన్ని ఊళ్లలో ఆ హక్కు కోరం సంతకాల దగ్గరే ఆగిపోతోందో సర్పంచులకే బాగా తెలుసు. లీస్‌బర్గ్‌లో ఆ రైతు తన పొలం గురించి మాట్లాడలేదు, తనకు ఎప్పుడూ పరిచయం లేని నాలుగు లక్షల మంది ఉండే నేల గురించి మాట్లాడాడు. అర్జీ ఇచ్చే మనిషి అలా మాట్లాడడు. అలా మాట్లాడనివ్వరు.

ఆ ఆదివారం మా అమ్మాయి ఇంట్లో నాలుగైదు తెలుగు కుటుంబాలు భోజనానికి కలిశాయి. ఆవకాయ, పప్పు అయ్యాక అమరావతి మీద వాదన మొదలైంది. రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) జోన్ల హద్దులు కూడా నోటికి చెప్పగల కుర్రాళ్లున్నారు. వాళ్లను మీ ప్లానింగ్ కమిషన్‌లో మీ డిస్ట్రిక్ట్ సభ్యుడెవరని అడిగాను. ఎవరికీ తెలియదు. నాకు కోపం రాలేదు, దిగులు వేసింది. ఇంత తెలివి, ఇంత ఆసక్తి ఉన్నవాళ్లు తమ ఇంటి వెనక ఏం రాబోతోందో తేల్చే గదిలో లేరు.

"మేం హెచ్-1బీ వీసా మీద ఉన్నాం అంకుల్, మాకెందుకు ఇవన్నీ?" అన్నాడొక అబ్బాయి. ఓటు వేయడానికీ, జ్యూరీలో కూర్చోవడానికీ పౌరసత్వం కావాలి. పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడటానికి అక్కర్లేదు. ఆ రోజు మైకు ముందు నిలబడ్డవాళ్లను ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు. ఏ డిస్ట్రిక్ట్‌లో ఉంటారని మాత్రమే అడిగారు. ఈ అబ్బాయి ఇంటి పన్ను కడుతున్నాడు, పిల్లలు బడికి పోతున్నారు, అది చాలు. వర్జీనియా సమాచార చట్టం ప్రకారం కౌంటీ కాగితాలు అడిగితే ఐదు పనిదినాల్లో బదులివ్వాలి. మన ఆర్‌టీఐకి ముప్పై రోజుల గడువు. సూపర్వైజరు ఆఫీసుకు ఫోను చేస్తే సహాయకులు ఎత్తుతారు, మాట రాసుకుంటారు. కాకపోతే హియరింగ్ రోజుకంటే నెల ముందు చేయాలి.

పౌరసత్వం వచ్చినవాళ్లకు దారులు ఇంకా ఎక్కువ. ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రంలో ఆఫీసరుగా పనిచేయవచ్చు, రిజిస్టర్ అయిన ఓటరైతే చాలు. ఇక్కడ ఎన్నికలు నడిపేది ఉపాధ్యాయులూ రెవెన్యూ సిబ్బందీ కాదు, పక్కింటి మనుషులే. ఆ పని ఒక్కరోజు చేసినవాళ్లు ఓట్ల లెక్కింపు మీద వచ్చే పుకార్లను ఇక నమ్మరు. ఇక బోర్డు నియమించే కమిషన్లు, సలహా బోర్డులు ఎన్నో ఉన్నాయి. లైబ్రరీలకు, పార్కులకు, బస్సులకు, వృద్ధులకు. జీతం ఉండదు, నెలకో సాయంత్రం పోతుంది. బోర్డు ముందుకు వచ్చే చాలా కాగితాలు మొదట పుట్టేది అక్కడే. మనవాళ్లు దీపావళికి వేల మందిని ఒకచోట చేర్చగలరు. ఆ ఏర్పాట్లలో చూపే ఓపికలో పదో వంతు ఈ కమిషన్లకు ఇస్తే ఈ కౌంటీలో తెలుగువాళ్ల స్థానం మరోలా ఉంటుంది. ఎన్నికల్లో గెలవడం అసాధ్యం కాదని కూడా ఇక్కడే రుజువైంది. లౌడన్ నుంచి రాష్ట్ర శాసనసభకు వెళ్లిన సుహాస్ సుబ్రహ్మణ్యం 2025 జనవరి నుంచి అమెరికా కాంగ్రెస్‌లో ఉన్నారు. కన్నన్ శ్రీనివాసన్ అదే నెలలో రాష్ట్ర సెనేట్‌లోకి వెళ్లారు. ఇద్దరి మూలాలూ దక్షిణ భారతానివే.

అందరికంటే ఓపికగా విన్నది ఒక పెద్దాయన. రాజమండ్రిలో బ్యాంకు మేనేజరుగా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి, పౌరసత్వం తీసుకుని పదేళ్లయింది. పగలంతా మనవలు బడికి, కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో ఒక్కడే. బస్సెక్కి వృద్ధుల కేంద్రానికి వెళ్లాలంటే ఎక్కడ మారాలో, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటారో లేదో తెలియక మానేశానన్నారు. తనలాంటి అమ్మానాన్నలు ఒక్క తమ వీధిలోనే పది ఇళ్లలో ఉన్నారట. లౌడన్‌లో కమిషన్ ఆన్ ఏజింగ్ అని ఒకటుంది. కౌంటీలో పెద్దవాళ్ల అవసరాల మీద బోర్డుకు సలహా ఇస్తుంది. మా అమ్మాయి దరఖాస్తు ఫారం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇందులో అనుభవం అని ఒక గడి ఉందమ్మా. నేనేం రాయను? నాకు ఇక్కడి అనుభవం ఏముంది?" అన్నారు.

"బ్యాంకులో పింఛన్ల కౌంటరు ఎన్నేళ్లు చూశారు బాబాయ్ గారూ?" అంది.

"దగ్గర దగ్గర పన్నెండేళ్లు."

"అదే రాయండి" అంది మా అమ్మాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పెన్ను అడిగి, రాయడం మొదలుపెట్టారు.